కాళేశ్వరం నుంచి హనుమకొండ దాకా: ఇసుక లారీలు, ఒక పంక్చరు, ఒక లాడ్జి

మా బైకు యాత్రలో మొదటి సగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కుంటాల, పొచ్చెర జలపాతాలు, కడెం ప్రాజెక్టు చూశాం, వేళకు తిన్నాం, ఎవరితోనూ గొడవ పడలేదు. చెప్పాల్సిందంతా కాళేశ్వరం తర్వాతే ఉంది. అందులో సగం కోపంతో రాస్తున్నాను కాబట్టి చదివేవాళ్లు ఆ మేరకు తగ్గించుకుని చదవొచ్చు.

ఆరుగురం, నాలుగు బండ్లు. ఉమ్మడి ఖర్చు మా బావ చేతిలో. టీ తాగినా చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాస్తాడు. బ్యాంకు ఉద్యోగం చేసే మిత్రుడొకడు మంచిర్యాల నుంచే నడుం నొప్పంటూ ఎప్పుడు ఇల్లు చేరతామా అని చూస్తున్నాడు. దసరా వెళ్లినా ఎండ తగ్గలేదు. హెల్మెట్ లోపల చెమట, బయట దుమ్ము.

కాళేశ్వరంలో తెల్లవారుజామునే దర్శనం చేసుకోండి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ముందు యముడికి, తర్వాత ముక్తేశ్వరుడికి పూజ. గోదావరిలో ప్రాణహిత కలిసే చోట మెట్ల మీద గంటసేపు కూర్చున్నాం. గదులు మామూలువే, ఇడ్లీ 40 రూపాయలు, ఫిర్యాదు లేదు.

అసలు పరీక్ష మహదేవపూర్ దాటాక మొదలైంది. కాటారం మీదుగా భూపాలపల్లి వైపు వచ్చే దారి ఇసుక లారీలది, మనది కాదు. తడి ఇసుకతో నిండిన లారీ నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. మలుపు దగ్గర ఆ నీటితో పాటు ఇసుక కూడా రోడ్డు మీద పరుచుకుంటుంది. అక్కడ ముందు బ్రేకు ముట్టుకుంటే అంతే. భూపాలపల్లి దగ్గర వాటికి బొగ్గు లారీలు తోడవుతాయి. ఆ తర్వాత పల్లెల్లో మక్కలు. రోడ్డులో సగం దాకా మక్కలు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు పెడతారు. పగలైతే పక్కకు తప్పుకుంటాం. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనబడవు. రైతుకు కల్లం లేక రోడ్డెక్కుతున్నాడు, అతన్ని అనడానికి లేదు. మీరే సాయంత్రం ఆరు తర్వాత ఆ దారుల్లో బండి నడపకండి.

గణపురం కోటగుళ్ల దగ్గర మేం తప్ప మరో మనిషి లేడు. రామప్ప దగ్గర మాత్రం పార్కింగుకే పావుగంట పట్టింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి, జనం రాక తప్పదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆలయాన్ని నిమిషాల్లో చుట్టేసి ఫోటోలతో వెళ్లిపోతున్నవాళ్లను చూస్తే జాలేసింది. గైడును పెట్టుకోండి. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనికను, అంటే చూరు కింద అమర్చిన స్త్రీ శిల్పాన్ని, అతను చూపించకపోతే మేం కిందనుంచే వెళ్లిపోయేవాళ్లం. ఎర్ర ఇసుకరాతి గుడికి నల్లరాతి మదనికలు, వాటి నగల సందుల్లోంచి వెలుగు అవతలికి కనబడుతుంది. నడుం నొప్పి మిత్రుడు నంది దగ్గర కూర్చుని, పిలిస్తే లేచి వచ్చేలా ఉందని ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఆ రాత్రి తాడ్వాయిలో పడుకుని, పొద్దున్నే బొగత జలపాతం చూసుకుని తిరిగి వస్తుంటే పస్రా దగ్గర బావ బండి వెనక టైరులో గాలి పోయింది. అదే టైరుకు అంతకు ముందురోజే ఒకచోట పంక్చరు వేయించాం. మేకు గుచ్చుకుందని చెప్పి 200 తీసుకున్నారు. పస్రా కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ట్యూబు బయటికి తీసి, గాలి నింపి, నీళ్ల తొట్టిలో ముంచి మెల్లగా తిప్పాడు. బుడగలు టైరు వైపు నుంచి కాదు, రిమ్ వైపు నుంచి వచ్చాయి. "మేకు కాదన్నా, లోపల చూడు" అని రిమ్ మధ్యలో ఉండే రబ్బరు పట్టీ చూపించాడు. అది చినిగి, స్పోకు తల బయటికి వచ్చి ట్యూబును గీకుతోంది. పాత ట్యూబు ఒకటి కత్తిరించి పట్టీలాగా రిమ్ చుట్టూ వేసి, స్పోకు తలను ఆకురాయితో అరగదీసి, అప్పుడు అతుకు వేశాడు. ముప్పావు గంట పని. ఎంత అంటే 120 అన్నాడు. బావ 200 ఇస్తే 80 వెనక్కి ఇచ్చేశాడు. ఇల్లు చేరేదాకా ఆ టైరు మళ్లీ దిగలేదు.

లక్నవరంలో వేలాడే వంతెన మీద తిరునాళ్లంత జనం. ఆదివారం వెళ్లకండి, ఇంకేం చెప్పను. చెరువు అవతలి గట్టున వేయించిన చేప మాత్రం బాగుంది, ప్లేటు 180.

ఇక హనుమకొండ లాడ్జి. పేరు రాయను. ఫోనులోనే ఆన్‌లైన్‌లో రెండు గదులు బుక్ చేసుకున్నాం, గది 1,400, డబ్బు అక్కడికి వెళ్లాక కట్టాలి. ఖరారైనట్టు సందేశం కూడా వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి ఒళ్లంతా దుమ్ముతో వెళితే, కౌంటరు దగ్గర మనిషి సందేశం వైపు చూడనైనా చూడకుండా "ఆ బుకింగు మాకు రాలేదు సార్" అన్నాడు. మామూలు గదులు లేవట, ఏసీ గదులే ఉన్నాయట, గది 1,900. మళ్లీ బండ్లెక్కి ఇంకోచోటు వెతికే ఓపిక ఎవరికీ లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అదనపు పరుపులు రెండు, ఒక్కోటి 350. పరుపంటే దుప్పటి మడత కన్నా కాస్త మందం, ఫినాయిల్ వాసన. కింద సెల్లారులో బండికి 50 చొప్పున పార్కింగు. మొత్తం 4,700 ముందే కట్టించుకున్నాడు. బిల్లు అడిగితే లాడ్జి పేరైనా లేని తెల్లకాగితం మీద అంకె రాసి ఇచ్చాడు.

తెల్లవారుతూండగా ఖిలా వరంగల్ వెళ్లి కీర్తి తోరణాల మీద తొలి ఎండ చూడాలని మా ఆశ. అయిదున్నరకు తయారై కిందికి దిగితే సెల్లారు షట్టరుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఇంటి దగ్గర. ఎనిమిదింటికి వచ్చాడు. అప్పటిదాకా మెట్ల మీద ఆరుగురం వరసగా కూర్చున్నాం. బావ పుస్తకం తీశాడు గానీ ఏమీ రాయలేదు.

వేయిస్తంభాల గుడి, భద్రకాళి చూసి, మధ్యాహ్నం పన్నెండుకు సామాను తీసుకుందామని వచ్చాం. "పదకొండు దాటింది, గదికి సగం రోజు అద్దె 950" అన్నాడు అదే మనిషి. కౌంటరు వెనక గోడ మీద '24 గంటల చెక్‌అవుట్' అని ఎర్ర అక్షరాల బోర్డు ఉంది. బావ దాన్ని చూపించాడు. "అది నేరుగా వచ్చినవాళ్లకు సార్. మీది ఆన్‌లైన్ బుకింగు కదా, మీకు పదకొండే." రాత్రి రాని బుకింగు పగటికి ఎలా వచ్చిందని అడిగితే, రాత్రి డ్యూటీ వేరే అన్నాడు. మాకు గది ఇచ్చింది ఆ మనిషే! గొంతులు లేచాయి. సోఫాలో కూర్చున్న ఇద్దరు లేచి బయటికి వెళ్లారు. చివరికి మా నడుం నొప్పి మిత్రుడే 500 కౌంటరు మీద పెట్టి, "ఇల్లు చేరనివ్వండి బాబూ" అన్నాడు. దాంతో ఆ పూట మాలో మాకు ఇంకో గొడవ.

హనుమకొండలో దిగేవాళ్లు ఈ మూడూ అడగండి: ఖరారు సందేశం వచ్చినా సాయంత్రంలోపు లాడ్జికి నేరుగా ఫోను చేసి గది ఉందా అని, బండ్లు పెట్టేచోటు తాళం ఎవరి దగ్గర ఉంటుందని, చెక్‌అవుట్ ఎన్నింటికని. మూడో జవాబు కాగితం మీద రాయించుకోండి.

కోపం తగ్గించింది సర్వపిండి. లాడ్జి నుంచి రెండు వీధుల అవతల ఒకావిడ బండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగున అద్ది, వేలితో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేస్తుంది. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైన మెత్తన. ఒకటి 30. ఆరుగురం పది తిన్నాం. నడుం నొప్పి మిత్రుడూ బావా అక్కడే మళ్లీ మాట్లాడుకున్నారు. ఖిలా మూడు గంటల మండుటెండలో చూశాం. తోరణాలు అప్పుడూ బాగానే ఉన్నాయి, మేమే బాగా లేము.

జనగామ మీదుగా నాలుగు వరసల రోడ్డు, చీకటి పడకముందే హైదరాబాదు. లెక్క తేలిస్తే లాడ్జికి మనిషికి 867 పడింది. బావ అదే రాత్రి ఆన్‌లైన్‌లో ఆ లాడ్జి గురించి అన్నీ వివరంగా రాసి, ఒక్క స్టారు రేటింగు ఇచ్చి పెట్టాడు. రెండు రోజుల తర్వాత యాజమాన్యం నుంచి మర్యాదగా జవాబు వచ్చింది: ఆ తేదీన మీ పేరుతో మా దగ్గర ఎవరూ దిగలేదు.