బ్లీచ్‌కి 20 వాల్యూమా, 30 వాల్యూమా?

హైలైట్స్ గురించి అడిగేవాళ్లందరిదీ ఇంచుమించు ఒకటే ప్రశ్న: "నా జుట్టు బాగా ఒత్తు. 20 వాల్యూమ్ డెవలపర్ సరిపోతుందా, 30 కావాలా?" డెవలపర్ అంటే బ్లీచ్ పొడిలో కలిపే పెరాక్సైడ్ ద్రవం. వాల్యూమ్ దాని ఘాటు, అంకె పెరిగితే ఘాటూ పెరుగుతుంది.

ఒత్తుకీ దీనికీ పెద్దగా సంబంధం లేదు. తల నిండా జుట్టున్నా వెంట్రుక సన్నగా ఉండొచ్చు. ఒక్క వెంట్రుక తీసి వేళ్ల మధ్య నలపండి. కుట్టుదారంలా చేతికి తగిలితే లావుది, ఉందో లేదో తెలియకపోతే సన్నది. సన్న వెంట్రుకకి 20, అంటే 6 శాతం పెరాక్సైడ్, ధారాళంగా చాలు. లావుగా, నిటారుగా ఉండి ఇంతవరకు ఏ రంగూ పడని నల్లజుట్టయితే 30 అడగడంలో అర్థముంది. అది 9 శాతం. అలాంటి జుట్టు 20తో ఎర్ర నారింజ దగ్గరే ఆగిపోవచ్చు.

నన్నడిగితే లావు కంటే ముందు చూడాల్సింది వెంట్రుక నీళ్లు పీల్చే తీరు. తలస్నానంలో తడవడానికీ, తర్వాత ఆరడానికీ చాలాసేపు పడితే పైపొర గట్టిగా మూసుకుని ఉన్నట్టు. ఇట్టే తడిసి ఇట్టే ఆరిపోతే అది అప్పటికే తెరుచుకుంది, బ్లీచ్ మందు లోపలికి జొరబడిపోతుంది. ఉంగరాల జుట్టుతో చిక్కంతా ఇక్కడే. మెలికల దగ్గర పైపొర లేచి ఉంటుంది, మాడు నూనె చివర్లదాకా దిగదు. చూడ్డానికి మాత్రం మొండి జుట్టులా కనిపిస్తుంది కాబట్టి పార్లర్లో ఆలోచించకుండా 30 కలిపేస్తారు! కుదుళ్లు బాగానే ఉంటాయి, చివర్లు తడిపి దువ్వితే సాగి తెగుతాయి. స్మూతెనింగ్ చేయించుకున్న జుట్టుకీ ఇదే గతి.

అందుకే లావు జుట్టుకైనా నా ఓటు 20కే. ఒక్క రోజులో తేల్చేయకుండా, కొన్ని వారాల తేడాతో రెండు విడతలుగా చేయించుకోండి. మాడు వేడికి కుదుళ్ల దగ్గర రంగు తొందరగా తేలిపోతుంది కాబట్టి మందు అక్కడ ఆఖర్న పెట్టమనండి.

40 వాల్యూమ్ మాడుకి తగిలేలా వద్దే వద్దు. 10తో నల్లజుట్టు తేలేసరికి ఓపిక నశిస్తుంది.

హెన్నా పెట్టుకునేవాళ్లు ఈ లెక్కలేవీ నమ్ముకోకండి. మామూలు గోరింటాకు అయితే రంగు నారింజ దగ్గర మొరాయిస్తుంది, అంతవరకే. నల్లహెన్నా పొడుల్లో కొన్నిటిలో లోహపు లవణాలుంటాయి, పెరాక్సైడ్ తగిలితే వెంట్రుక వేడెక్కి పాడైపోతుంది. మెడ వెనక నుంచి చిన్న పాయ కత్తిరించి, కలిపిన మందులో వేసి చూడమనండి. వేడెక్కినా, పొంగినా ఆ జుట్టుకి ఏ వాల్యూమూ పనికిరాదు. కొత్త జుట్టు పెరిగి, పాతది కత్తిరించేదాకా ఆగాల్సిందే.