జుట్టుకి బయోటిన్ గమ్మీలు వాడుతున్నారా? థైరాయిడ్ టెస్టుకి వెళ్లే ముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో బయోటిన్ అనే విటమిన్ గమ్మీలు (నమిలే బిళ్లలు), మాత్రలు కొనేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. మా వదిన అలాంటి డబ్బా ఒకటి వాడి, లేని థైరాయిడ్ జబ్బుకి మందులు మింగేదాకా వెళ్లొచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సరుకు ఎన్నో పేర్లతో దొరుకుతోంది కాబట్టి ఒక పేరు తప్పించుకుంటే సరిపోదు.

డబ్బా మీద 10,000 అని పెద్ద అంకె. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో మైక్రోగ్రాములు అని ఉంది. అంటే 10 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు. గుడ్డు, పల్లీలు, చిలగడదుంప తినే ఇంట్లో అది మామూలుగానే అందుతుంది. అసలు బయోటిన్ లోపమే చాలా అరుదు. "నీళ్లలో కరిగే విటమినండీ, ఎక్కువైతే బయటికి పోతుంది" అంటారు అమ్మేవాళ్లు. అందులో పెద్ద అబద్ధం లేదు కానీ, చిక్కు వచ్చేది ల్యాబ్‌లో.

చాలా ల్యాబ్ మెషీన్లలో హార్మోన్లను కొలిచే పద్ధతి బయోటిన్ అతుక్కునే గుణం మీదే నడుస్తుంది. మనం మింగిన బయోటిన్ రక్తంలో నిండా ఉంటే, ఆ అతుక్కోవాల్సిన చోటుని అదే ఆక్రమించి లెక్క తప్పిస్తుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) ఉన్నదానికన్నా తక్కువగా, టీ3, టీ4 (ఆ గ్రంథి వదిలే హార్మోన్లు) ఎక్కువగా వస్తాయి. చూడ్డానికి అచ్చం హైపర్ థైరాయిడ్, అంటే థైరాయిడ్ అతిగా పనిచేసేవాళ్ల రిపోర్టే! పైగా జుట్టు రాలుతోందంటే గమ్మీలు కొనేదీ, థైరాయిడ్ టెస్టుకి వెళ్లేదీ ఆ మనిషే కదా.

మొదట చూపించిన చోట రిపోర్టు చూసి నేరుగా మందులు రాసేశారు. ఇల్లంతా టెన్షన్. రెండో డాక్టరుగారు వదినని చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పెట్టారు. హైపర్ ఉంటే వేళ్ల సన్న వణుకు కాగితం అంచుల్లో తెలుస్తుందట. కాగితం కదల్లేదు. నాడి మామూలే, బరువూ తగ్గలేదు. "జుట్టుకేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అప్పుడడిగారు. గమ్మీలు ఆపించి, కొన్నాళ్లాగి మళ్లీ రక్తం ఇస్తే అన్నీ నార్మల్.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది, 2019లో మళ్లీ చెప్పింది. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పుగా తక్కువ చూపించవచ్చు. అలా తప్పుడు ఫలితం వచ్చిన ఒకరు చనిపోయారని కూడా ఆ సంస్థ చెప్పింది. అందుకే ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్తే బయోటిన్ సంగతి మొదటే చెప్పండి.

థైరాయిడ్ టెస్టుకి కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపాలని అమెరికా థైరాయిడ్ వైద్యుల సంఘం సలహా. డోసు బాగా ఎక్కువైతే ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు, డాక్టరునే అడగండి. ఆపేది గమ్మీలు మాత్రమే, రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర కాదు. ఆ మాత్ర వాడేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది: తప్పు రిపోర్టు నమ్మి డోసు తగ్గించేస్తారు.

డబ్బా మీద ఈ ముక్క ఎక్కడా లేదు. అమ్మినవాళ్లకి రాస్తే "మాది వంద శాతం నేచురల్" అని జవాబు. సీల్ తీశాం కాబట్టి డబ్బులు కూడా రావట.