సపోర్ట్ కోచ్: రెడీమేడ్ పెట్టె మార్చాలా, ఇత్తడి పక్కపలకలు వేయాలా?

బ్రిటన్ మెయిన్‌లైన్లలో తిరిగే పాత స్టీమ్ ఇంజిన్ల వెనక పనిముట్లు, నూనెలు, సిబ్బంది పడకలతో సాగే పెట్టే సపోర్ట్ కోచ్. అది ఎక్కువగా మార్క్ 1 (బ్రిటిష్ రైల్వేస్ పాత ప్రామాణిక రకం) బ్రేక్ కోచే, అంటే గార్డు గది ఉన్న పెట్టె. 1:76 స్కేల్ మోడల్ రైలుకు దాన్ని చేయడానికి రెండు దారులు: రెడీమేడ్ ప్లాస్టిక్ మోడల్ పెట్టెనే మార్చి రంగేయడం, లేదా దాని పక్కలకు ఇత్తడి పలకలు అతికించడం.

ఖర్చు: రెడీమేడ్‌కు పెట్టె, రంగు చాలు. ఇత్తడికి పెట్టెతో పాటు పలకలు, ఎపాక్సీ జిగురు కూడా కావాలి.

శ్రమ: రెడీమేడ్‌లో అక్షరాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి రంగేస్తే సరి. చదునుగా వచ్చే ఇత్తడి పలకకు మాత్రం పక్కల వంపు తేవాలి. గుండ్రటి కడ్డీ మీద కొద్దికొద్దిగా వంచి, పెట్టె చివరి గోడకు ఆనించి చూస్తూ పోవాలి. అసలు కష్టం ఇక్కడే. వంపు తప్పితే కిటికీల వరుసే వంకరగా కనిపిస్తుంది.

ముప్పు: కిటికీల దగ్గర సూపర్‌గ్లూ వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. ప్లాస్టిక్ పక్కన సాల్డరింగ్ అసలే వద్దు.

అసలు కోచ్‌లో ఒకటి రెండు కిటికీలే మూసి ఉంటే రెడీమేడ్ పెట్టెకు 0.25 మి.మీ. ప్లాస్టిక్ రేకు అతికించండి, చాలు. కిటికీల అమరికే మారిన కోచ్‌కైతే ఇత్తడే. ముందుగా మీ ఇంజిన్ వెనకుండే కోచ్ ఫొటోలు రెండు వైపులవీ సంపాదించండి. కారిడార్ వైపు వేరు, కంపార్ట్‌మెంట్ల వైపు వేరు.