పెద్దవాళ్ల వంట ముచ్చట్ల రికార్డింగుకు బోయా బీవై-ఎం1 కాలర్ మైకు

నానమ్మ సకినాల కొలతలు చెబుతుంటే ఫోను టీపాయ్ మీద పెట్టి రికార్డు చేస్తే, తర్వాత వినబడేది చాలావరకు ఫ్యాను మోతే. ఆ పనికి ఈ తీగ మైకు చాలు. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. ఆన్‌లైన్లో ఉంది, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోని ఆడియో దుకాణాల్లోనూ అడగొచ్చు.

దీని బలం 6 మీటర్ల తీగ. పొయ్యి దగ్గరున్న మనిషికి మైకు తగిలించి, ఫోనును నూనె చిందని చోట ఉంచుకోవచ్చు. తీగను మాత్రం వీపు వెనక నుంచి వదలాలి, గట్టు మీదుగా కాదు. అన్ని వైపుల శబ్దమూ తీసుకునే మైకు కాబట్టి పక్కన కూర్చుని అడిగే ప్రశ్న వినబడుతుంది, కుక్కర్ విజిలూ వినబడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చోవడం మేలు.

తగిలించే చోటే అసలు కిటుకు. గడ్డానికి జానెడు కిందుండాలి. నల్లపూసలు గానీ, పట్టుచీర కొంగు గానీ రాసుకుంటే వచ్చే గరగరను తర్వాత తీసేయడం కష్టం. కొంగుకు పిన్ను పెట్టే భుజం వైపు జరిపితే గొలుసు తగలదు. స్పాంజి తొడుగు తీయొద్దు.

ఫోనుకు వాడేటప్పుడు మైకు తీగకున్న స్విచ్ 'ఆఫ్/స్మార్ట్‌ఫోన్' వైపే ఉండాలి. కెమెరా వైపు వదిలేస్తే అందులోని ఎల్‌ఆర్44 బటన్ సెల్ ఊరికే అయిపోతుంది. 3.5 ఎంఎం జాక్ లేని ఫోనుకు టైప్-సీ కన్వర్టర్ కావాలి. చౌక రకాల్లో కొన్ని పాటలు వినిపిస్తాయి గానీ మైకును పట్టించుకోవు. ఫోను కవరు మందంగా ఉంటే మైకు పిన్ను జాక్‌లోకి పూర్తిగా దిగదు. అందుకే రికార్డు నొక్కి మైకును గోటితో గీకి చూడండి. తెరమీది గీత ఎగరకపోతే ఫోను సొంత మైకే పనిచేస్తోందన్నమాట. ఫ్లైట్ మోడ్ పెట్టండి, లేదంటే మంచి ముచ్చట మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలుగా, మోనోలో (ఒకే చానల్‌లో) గంటకు దాదాపు 300 ఎంబీ పడుతుంది.

'తగినన్ని నువ్వులు' అన్న మాటను ఏ మైకూ గ్రాముల్లోకి మార్చదు. వాళ్ల గ్లాసుతో, వాళ్ల పిడికిలితోనే కొలిపించి కాటాలో తూచి, అంకెను పైకి చదివితే రికార్డులో పడుతుంది. "నానమ్మా, ఇది ఇంట్లో అందరికీ పంపొచ్చా?" అన్న ప్రశ్న, జవాబూ కూడా మొదట్లోనే పడాలి. పక్కింటి ఆంటీని అడిగేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

వదినా మరదళ్లు పోటీపడి మాట్లాడే ఇల్లయితే ఇది కొనకండి. ఒకరి గొంతు దగ్గరగా, ఇంకొకరిది నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. వాళ్లకు రెండు మైకులున్న వైర్‌లెస్ సెట్టు కావాలి, ముందురోజు రాత్రే చార్జింగ్ పెట్టే ఓపిక ఉంటేనే.