మౌస్ సీఎక్స్‌సీఎల్12: విశాఖ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వాడాక

చిన్న ల్యాబ్‌లో ఒక్క కీమోకైన్ (రోగనిరోధక కణాలని తనవైపు పిలిచే చిన్న ప్రొటీన్) కొనడానికే డబ్బులుంటే ఏది కొనాలని అడిగేవాళ్లకి నేను తడుముకోకుండా చెప్పేది మౌస్ సీఎక్స్‌సీఎల్12 రీకాంబినెంట్ ప్రొటీనే. పాతవాళ్లకి ఇది ఎస్‌డీఎఫ్-1 ఆల్ఫాగా తెలుసు. 68 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రొటీన్‌లో ఎలుకకీ మనిషికీ తేడా ఒక్క అమైనో ఆమ్లమే. అందుకే ఎలుక ప్లీహం నుంచి తీసిన కణాలూ దీనివైపు కదులుతాయి, మనిషి టీ కణాల లైన్ జుర్కాట్ కూడా కదులుతుంది. మా దగ్గర రెండు ప్రాజెక్టులు ఒకే వయల్ మీద నడిచాయి. అన్ని కీమోకైన్లకీ ఈ సౌకర్యం ఉండదు. సీసీఎల్2 అనే మరో కీమోకైన్ తీసుకుంటే ఎలుకది 125 అమైనో ఆమ్లాలు, మనిషిది 76.

సరుకు హైదరాబాద్ లేదా బెంగళూరు డీలర్ ద్వారా థర్మోకోల్ పెట్టెలో వస్తుంది. మే నెలలో విశాఖ చేరేసరికి జెల్ ప్యాక్‌లు నీళ్లైపోయి ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లలకి అది చూస్తే టెన్షన్. ఫ్రీజ్ డ్రై చేసిన పొడి కాబట్టి కొద్ది రోజుల వేడిని తట్టుకుంటుంది. అలా వచ్చిన వయల్స్‌తో చేసిన మైగ్రేషన్ (కణాల వలస) ప్రయోగాల ఫలితాల్లో నాకెప్పుడూ తేడా కనిపించలేదు. ద్రవరూపంలో అమ్మేవాటిని మాత్రం మన ఊరికి తెప్పించుకోవద్దంటాను.

వేడికన్నా ఇక్కడ భయపడాల్సింది తేమకి. సముద్రం గాలికి చల్లటి వయల్ మూత తీయగానే లోపల చెమ్మ పడుతుంది. గది వేడికి వచ్చేదాకా డెసికేటర్‌లో (తేమ లేకుండా ఉంచే పెట్టె) ఉంచి, ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అప్పుడే తెరవాలి. వయల్‌లో ఉండేది 10 మైక్రోగ్రాములు, అది కంటికి ఆనదు. "అక్కా, ఖాళీ వయల్ పంపినట్టున్నారు" అని మా జూనియర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడుగుతూనే ఉంటారు. పొడి పల్చటి పొరలా గోడకో మూతకో అంటుకుని ఉంటుంది.

0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం అల్బుమిన్ ప్రొటీన్) కలిపిన పీబీఎస్ (ఉప్పు బఫర్) 100 మైక్రోలీటర్లలో కరిగిస్తే లెక్క సులువు. దాన్ని వెయ్యి వంతులు పలుచన చేస్తే మిల్లీలీటరుకి 100 నానోగ్రాములు. పైన రంధ్రాల పొర ఉన్న ఇన్సర్ట్‌లో కణాలు వేసి, కింది వెల్‌లో 600 మైక్రోలీటర్లు పోసే ట్రాన్స్‌వెల్ ప్లేట్లలో ఒక వయల్ 160 వెల్స్ దాకా వస్తుంది. ఇది ప్లాస్టిక్‌కి అంటుకునే రకం ప్రొటీన్, కాబట్టి లో బైండింగ్ ట్యూబుల్లో చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80లో పెట్టుకోండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించొద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు మనది. అందుకే నేను వయల్స్ అన్నీ ఒకేసారి కరిగించను. తెరవనివి పొడిగానే వేరే ఫ్రీజర్‌లో ఉంటాయి.

పనితీరు విషయానికొస్తే, 5 మైక్రాన్ల రంధ్రాలున్న ఇన్సర్ట్‌లో ప్లీహ కణాలు వేస్తే రెండు మూడు గంటల్లోనే టీ, బీ కణాలు రెండూ కిందికి దిగుతాయి. మా చేతుల్లో 100 నానోగ్రాముల చుట్టుపక్కల వలస బలంగా ఉంటుంది. ఇంకా పెంచుకుంటూ పోతే ఒక దశ తర్వాత తగ్గుతుంది. గంట ఆకారంలో వచ్చే ఈ గ్రాఫ్ కీమోకైన్లన్నిటి లక్షణం, ప్రొటీన్ లోపం కాదు. ఏఎండీ3100 అనే నిరోధకం వేసి, కణాల మీద ఈ ప్రొటీన్ అతుక్కునే గ్రాహకం సీఎక్స్‌సీఆర్4ని మూసేస్తే కదలిక పడిపోవాలి. ఆ కంట్రోల్ లేకుండా వచ్చిన ఫలితాన్ని నేను నమ్మను. మీడియంలో సీరం వద్దు, బీఎస్‌ఏ చాలు. సీరంలో ఉండే డీపీపీ4 ఎంజైమ్ ఈ ప్రొటీన్ మొదటి రెండు అమైనో ఆమ్లాలని కత్తిరిస్తుంది, దాంతో కణాలని పిలిచే శక్తి పోతుంది.

నా ఫిర్యాదు లాట్ల (ఒక్కో విడతలో తయారైన సరుకు) మధ్య తేడా గురించి. ఒక సరఫరాదారు పంపిన లాట్ సర్టిఫికెట్‌లో స్వచ్ఛత బ్రహ్మాండంగా ఉంది, ప్రొటీన్లని పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద 8 కిలోడాల్టన్ల దగ్గర శుభ్రమైన బ్యాండ్ కూడా వచ్చింది. కణాలు మాత్రం సగానికి సగమే కదిలాయి. ఈ ప్రొటీన్‌ని ఇ. కోలైలో తయారుచేసి తర్వాత సరిగ్గా మడతపడేలా చేస్తారు. మడతని పట్టి ఉంచే రెండు డైసల్ఫైడ్ బంధాలు సరైన చోట పడాలి. ఆ సంగతి జెల్ చెప్పదు. వాళ్లు లాట్ మార్చి ఇచ్చారు కానీ, దానికోసం వారాల తరబడి ఈమెయిల్స్ రాయాల్సి వచ్చింది, మాకు ఎలుకలూ వృథా అయ్యాయి. అప్పటినుంచి కొత్త లాట్ రాగానే ముందు జుర్కాట్ మీద డోస్ కర్వ్ (ఏ మోతాదుకి ఎంత కదలికో చూపే గ్రాఫ్) గీస్తాం. అది బాగుంటేనే జంతువుల జోలికి వెళ్తాం.

మ్యాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలతో పనిచేసేవాళ్లు ఎండోటాక్సిన్ (ఇ. కోలై నుంచి మిగిలిపోయే ఎల్‌పీఎస్ అనే పదార్థం) అంకె తప్పకుండా చూడాలి, ఎల్‌పీఎస్ కాస్త ఉన్నా అవి ఉద్రేకపడతాయి. న్యూట్రోఫిల్స్‌ని రాబట్టాలంటే మాత్రం ఇది కాదు, సీఎక్స్‌సీఎల్1 కొనుక్కోండి. పరిపక్వమైన డెండ్రిటిక్ కణాలు లింఫ్ గ్రంథులకి వెళ్లే దారిని చూడాలనుకునేవాళ్లకి సీసీఎల్19 కావాలి.