జాగ్రత్త: "వదిలేసిన పర్షియన్ పిల్లి, ఉచిత దత్తత" అన్న ప్రకటన చూశారా? డబ్బు పంపే ముందు, పిల్లిని ఇంటికి తెచ్చే ముందు ఇది చదవండి

"యజమానులు వదిలేసి వెళ్లిపోయారు. పర్షియన్, డాల్ ఫేస్, రెండు నెలలు. వ్యాక్సిన్లన్నీ అయిపోయాయి. ఉచితంగా ఇస్తాం, రవాణా ఖర్చు మాత్రం మీది."

పిల్లి కోసం చూస్తున్న వాళ్లకి ఇలాంటి ప్రకటన ఏదో ఒక రోజు ఎదురవుతుంది. దిక్కులేని పిల్లికి ఇల్లు వెతికిపెట్టే మంచి మనుషులు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో నిజంగానే ఉన్నారు. వాళ్లు వాడే మాటలనే వాడుకుని రెండు రకాల మోసం నడుస్తోంది. ఒకదానిలో అసలు పిల్లే ఉండదు. రెండోదానిలో పిల్లి ఉంటుంది గానీ, అమ్ముడుపోని జబ్బు కూనను "రెస్క్యూ" అని పేరు పెట్టి అంటగడతారు. మొదటిదానిలో డబ్బు పోతుంది. రెండోదానిలో ఆ కూన ప్రాణంతో పాటు మీ ఇంట్లో ఇదివరకే ఉన్న పిల్లి ప్రాణం కూడా పోవచ్చు.

మొదటి రకం ఇలా సాగుతుంది. బదిలీ అయిన మిలిటరీ ఉద్యోగినని, లేదా విదేశం వెళ్లిపోతున్నానని చెబుతారు. మీది వరంగల్ అయితే పిల్లి బెంగళూరులో ఉంటుంది, మీది బెంగళూరు అయితే పుణెలో ఉంటుంది. ఎప్పుడూ మీరు వెళ్లి చూడలేనంత దూరమే. ముందు బుకింగ్ పేరుతో కొంచెం అడుగుతారు. అది పంపాక బోను ఖరీదు. ఆ తర్వాత "డెలివరీ అయ్యాక వెనక్కి వచ్చేస్తుంది" అంటూ ఇన్సూరెన్స్. చివరికి, పిల్లి దారిలో ఆగిపోయింది, మెడికల్ సర్టిఫికెట్‌కి కట్టకపోతే తిండీ నీళ్లూ లేక చచ్చిపోతుంది అంటారు. జాలిగుండె ఉన్నవాళ్లు ఈ చివరి మాట దగ్గరే పడిపోతారు.

వీడియో కాల్‌లో పిల్లి పక్కన ఆ రోజు తేదీ, మీ పేరు రాసిన కాగితం పెట్టి చూపమనండి. పెదవి ఎత్తి పళ్లు చూపమనండి. పిల్లి నిజంగా చేతిలో ఉన్నవాళ్లకి ఇది రెండు నిమిషాల పని. లేనివాళ్లు నెట్‌వర్క్ బాగాలేదంటారు, పాత వీడియో పంపుతారు. ప్రకటనలోని ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి, అదే పిల్లి వేరే ఊళ్లలో వేరే పేర్లతో తేలుతుందేమో చూడండి. "డబ్బు వాపసు చేస్తాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు, మన ఖాతాలోంచి పోవడానికే కావాలి. ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, బ్యాంకుకూ చెప్పండి. 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు, ఫోన్ నంబర్లు, చాట్ స్క్రీన్‌షాట్లు సిద్ధంగా ఉంచుకోండి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోతుంది.

ఇక రెండో రకం. దీన్ని పట్టుకోవడానికి మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం టీకాల పుస్తకం. చాలామంది పుస్తకం ఉందా లేదా అని మాత్రమే చూస్తారు, లోపల లెక్క చూడరు. మూడు రోగాలకు కలిపి వేసే టీకా (పాన్‌ల్యుకోపీనియా, హెర్పీస్, కాలిసీ వైరస్‌లకు) కూనకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలవుతుంది. అక్కణ్నుంచి 3, 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయిస్తూ ఉండాలి. తల్లి నుంచి పాల ద్వారా వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పని చేయనివ్వదు. అది ఒక్కో కూనలో ఒక్కో వయసులో తగ్గుతుంది. అందుకే ఒక్క డోసుతో సరిపోదు. రేబిస్ టీకా సాధారణంగా 12 వారాలు నిండాకే. అంటే రెండు నెలల కూనకు "అన్నీ అయిపోయాయి" అన్నవాళ్లు అబద్ధం చెబుతున్నారు, లేదా వాళ్లకి టీకాల సంగతే తెలియదు.

పుస్తకంలో ప్రతి డోసు పక్కన సీసా మీంచి తీసి అంటించిన స్టిక్కర్ ఉండాలి. దాని మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కనే డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు. పెన్నుతో "వ్యాక్సిన్ డన్" అని రాసి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. గడువు తేదీ, వేసిన తేదీ కంటే ముందుది కాకూడదు. స్టిక్కర్ మీది పేరు కుక్కలకు వేసే టీకాది కాదని చూసుకోండి. ముద్రలో ఉన్న క్లినిక్‌కి ఫోన్ చేసి ఆ తేదీన ఆ పిల్లి వచ్చిందా అని అడగండి, మొహమాటపడకండి. "మేమే ఇంజెక్షన్ వేసుకుంటాం" అనే అమ్మకందార్లూ ఉన్నారు. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఎండలో సంచిలో తిరిగిన సీసాలోది పొడిచినా పొడవకపోయినా ఒకటే.

వయసు అబద్ధం కూడా మామూలే, తల్లి దగ్గర్నుంచి నెల తిరగకుండానే విడదీసిన కూనను రెండు నెలలదంటారు. వంటింటి త్రాసు తీసుకెళ్లండి. కూన పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములు, నెల వయసులో 450, రెండు నెలలకు 900 గ్రాములు, మూడు నెలలకు 1.3 కిలోల దగ్గర ఉంటుంది. 26 పాలపళ్లూ 8 వారాలకల్లా వచ్చేస్తాయి. ముందరి చిన్న పళ్లు ఊడి గట్టి పళ్లు రావడం మూడున్నర, నాలుగు నెలలకు మొదలవుతుంది. మూడు నెలలదన్న కూన 600 గ్రాములే తూగితే వయసైనా అబద్ధం, ఆరోగ్యమైనా అబద్ధం. పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాల లోపు కూనను అమ్మకూడదు, దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితం చూపమని అడిగే హక్కు మీకుంది.

ఒళ్లు చూసేటప్పుడు తోక కింద నుంచి మొదలుపెట్టండి. అక్కడ మాత్రమే అప్పుడే కడిగినట్టు తడిగా ఉంటే విరేచనాలు దాస్తున్నారేమో అనుకోవాలి. చెవుల్లో కాఫీపొడిలాంటి నల్లటి మడ్డి ఉంటే చెవి పురుగు. నడుం మీద వెంట్రుకలు విడదీస్తే నల్లటి రవ్వలు కనిపించి, తడి దూదితో రుద్దినప్పుడు ఎర్రబారితే అవి ఫ్లీలు (బొచ్చులో గెంతే చిన్న పురుగులు) వదిలిన రక్తపు మలం. చెవి అంచుల్లో, ముక్కు చుట్టూ, పాదాల మీద గుండ్రంగా బొచ్చు ఊడి పొట్టు రాలుతుంటే తామర. అది పిల్లలకీ పెద్దలకీ అంటుకుంటుంది, వదిలించడానికి వారాలు పడుతుంది. ఒళ్లంతా బక్కచిక్కి కడుపు మాత్రం డోలులా ఉంటే నులిపురుగులు. వీటన్నిటికీ వైద్యం ఉంది, ఇవి ఉన్నాయని పిల్లిని కాదనక్కర్లేదు. దాచిపెట్టి అంటగట్టడమే తప్పు. నీలికళ్ల తెల్లపిల్లికి ఎక్కువ ధర చెబుతుంటే, దాని వెనక నిలబడి తాళాలు గలగలలాడించి చూడండి. వాటిలో పుట్టుచెవుడు ఎక్కువ.

ప్రాణం తీసేది పాన్‌ల్యుకోపీనియా. కుక్కపిల్లల్ని చంపే పార్వో వైరస్ జబ్బు లాంటిదే, ఇది పిల్లుల పార్వో. వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 10 రోజులు పడుతుంది. మీ చేతిలో పెట్టిన రోజు కూన గెంతుతూనే ఉంటుంది. మూడో రోజో ఐదో రోజో తిండి మానేస్తుంది, పసుపు నురగ కక్కుతుంది, నీళ్ల గిన్నె మీదికి తల వాల్చి తాగలేక కూర్చుంటుంది. ఆ తర్వాత విరేచనాలు. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "తిండి మారింది కదా, పెరుగన్నం పెట్టండి, సర్దుకుంటుంది" అంటారు. ఆ మాట విని ఒక్క రోజు ఆగితే కూన దక్కకపోవచ్చు. మామూలు ఉష్ణోగ్రత 100.4 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటినా, 99 కంటే పడిపోయినా రాత్రని చూడకుండా పరిగెత్తాలి. మలంతో చేసే పార్వో కిట్ పరీక్ష, రక్తంలో తెల్లకణాల లెక్క అడగండి. ఆ వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్, వాంతులు ఆపే మందు, వేరే ఇన్‌ఫెక్షన్లు తగులుకోకుండా యాంటీబయాటిక్, వీటితో కూనను నాలుగైదు రోజులు నిలబెట్టగలిగితే బతికే అవకాశం ఉంటుంది. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం వేయొద్దు. పిల్లి కాలేయం దాన్ని అరిగించుకోలేదు, ఒక్క మాత్ర చాలు చంపడానికి.

కాబట్టి కొత్త పిల్లి ఇంటికి రాకముందే దారిలో డాక్టరు దగ్గర ఆగాలి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు దగ్గర్లో ఉంటే అక్కడ చూపించండి. తర్వాత 14 రోజులు వేరే గది, వేరే గిన్నెలు, వేరే లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకు పెట్టే తొట్టి). ముందు పాత పిల్లి పని చూసుకుని, ఆ తర్వాతే కొత్తదాని గదిలోకి వెళ్లండి, వచ్చాక చేతులు సబ్బుతో కడిగి బట్టలు మార్చుకోండి. మీ ఇంట్లో ఇంతకుముందు పిల్లి పాన్‌ల్యుకోపీనియాతో పోయి ఉంటే ఇంకా జాగ్రత్త, వైరస్ నేలలో, పరుపుల్లో ఏడాది దాకా బతకగలదు. ఫినాయిల్, డెటాల్‌తో అది చావదు, పైగా అవి పిల్లులకు విషం. ముందు సబ్బుతో మురికి పూర్తిగా కడగాలి. తర్వాత లీటరు నీటికి 30 మి.లీ. సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ కలిపి, 10 నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి. బ్లీచ్‌ను బాత్‌రూం యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది, ఎప్పుడూ కలపొద్దు. పాత గుడ్డలు, పిల్లి గోళ్లు గీరుకునే చెక్క స్తంభాలు పారేయడమే మేలు.

పెద్ద పిల్లిని తీసుకుంటున్నప్పుడు ఎందుకు ఇచ్చేస్తున్నారని అడిగితే "బదిలీ" అంటారు. దాని బదులు ఉచ్చ ఎక్కడ పోస్తుందని అడగండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని గండుపిల్లి ఆరేడు నెలల నుంచి గోడలకు చిమ్మడం మొదలుపెడుతుంది. చాలా పిల్లులు వీధిన పడేది ఇందుకే, ఆపరేషన్ చేయిస్తే ఎక్కువ వాటిలో తగ్గుతుంది. కానీ ట్రేలో పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్క చుక్కగా పోస్తుంటే మూత్రనాళం మూసుకుపోతోందని అర్థం. పూర్తిగా మూసుకుపోతే మగపిల్లి రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. మురికి అలవాటని ఇచ్చేసిన పిల్లి నిజానికి రోగి కావచ్చు.

ఇంకో సంగతి. "తల్లి వదిలేసిన కూనలు" అని ఇచ్చేవాటిలో కొన్నింటిని తల్లి వదల్లేదు. పిల్లి కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని చోటు మారుస్తుంటే మధ్యలో మిగిలిన కూనను మనవాళ్లు ఎత్తుకొచ్చేస్తారు. కూన వెచ్చగా, కడుపు నిండి, అరవకుండా పడుకుని ఉంటే దూరం నుంచి కొన్ని గంటలు కనిపెట్టి చూడాలి. నాలుగు వారాల లోపుదాన్ని తీసుకోక తప్పకపోతే ఆవుపాలు పట్టొద్దు, విరేచనాలవుతాయి. పిల్లికూనల పాలపొడి దొరుకుతుంది, అది వాడండి. చెరకు, వరి కోతలప్పుడు పొలంలో దొరికిన చారల కూన, పొడవాటి కాళ్లతో, పొట్టి తోకతో, చెవి కొనన నల్లటి వెంట్రుకలతో ఉంటే అది అడవిపిల్లి. కోరింగ, కృష్ణా డెల్టా ప్రాంతాల్లో చేపలు పట్టి తినే నీటిపిల్లులూ ఉన్నాయి. వీటికి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కొన్నా, పెంచినా నేరమే, అటవీశాఖకు చెప్పాలి.

పిల్లిని ఇచ్చేవాళ్లకూ ఒక మాట. ఆపరేషన్ చేయించకుండా పర్షియన్‌ను ఉచితమని ప్రకటిస్తే, దాన్ని ఈనించి కూనలు అమ్ముకునేవాళ్లే ముందు ఫోన్ చేస్తారు. ఆపరేషన్ చేయించి ఇవ్వండి, వాళ్ల ఇల్లు చూసి ఇవ్వండి.

తీసుకునేటప్పుడు ఒక కాగితం రాయించుకోండి. ఇద్దరి పేర్లు, ఫోన్లు, తేదీ, పిల్లి గుర్తులు, చెల్లించిన మొత్తం, మూడు రోజుల్లో డాక్టరు జబ్బు తేలిస్తే వైద్యం ఖర్చు ఎవరిది, పిల్లిని వెనక్కి తీసుకుంటారా అన్నది అందులో ఉండాలి. సంతకం పెట్టనన్నవాళ్ల దగ్గర పిల్లిని తీసుకోవద్దు. రేబిస్ టీకా పడని పిల్లి ఈలోగా కరిచినా, రక్తం వచ్చేలా గీరినా గాయాన్ని 15 నిమిషాలు ధారగా పడే నీళ్లలో సబ్బుతో కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి. పసుపు, కారం, సున్నం ఏదీ గాయం మీద పెట్టొద్దు.