నడుము నొప్పికి స్పర్శ సాధన: 14 నెలలు చేశాక

చెన్నై అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో నాది ఇన్‌స్పెక్షన్ పని. రోజంతా వంగి కొలతలు చూడాలి. నడుము నొప్పి వచ్చి ఆరేళ్లయింది. బెల్టు, మాత్రలు వాడినన్నాళ్లే ఉపశమనం. చివరికి ఒక ఫిజియో దగ్గరికి వెళ్తే, ఆవిడ వెర్నియర్ (రెండు మొనల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చూపే కొలత పరికరం) తీసి నా నడుము మీద పెట్టారు. నేను రోజూ పట్టుకునే పరికరమే.

రెండు మొనలూ ఒకేసారి మెల్లగా ఆనించి "ఒకటా, రెండా?" అని అడిగారు. వేలి కొస మీదైతే రెండు మూడు మిల్లీమీటర్ల ఎడమున్నా తెలిసిపోతుంది. నడుము మీద నొప్పి లేనివాళ్లకే దాదాపు నాలుగు సెంటీమీటర్లు కావాలి. నేను మాత్రం 68 మిల్లీమీటర్ల దాకా "ఒకటే" అంటూ వచ్చాను. రాత్రీ పగలూ నొప్పి పెట్టే చోటే, తాకితే ఆనవాలు అందడం లేదు. నాకు భయం వేసింది.

లువోమయోకి, మోస్లీ అనే పరిశోధకులు 2011లో ఇదే రాశారు: నడుము మీద స్పర్శ మందంగా ఉన్నవాళ్లకే నడుమును అదుపుగా కదపడం కూడా కష్టమవుతోందని. అది సంబంధాన్ని చూపింది, ఏది దేనికి కారణమో తేల్చలేదు.

ఆ స్పర్శకు పదును పెట్టడానికే ఈ సాధన. ఇంట్లో మా ఆవిడ నా నడుము మీద తొమ్మిది చుక్కలు పెట్టి, పెన్ను మూతతోనో సీసా బిరడాతోనో తాకుతుంది. ఏ చుక్కో, ఏ వస్తువో చెప్పాలి. "ఏమండీ, అది నాలుగు కాదు, ఏడు" అని రెండు నెలలు వింటూనే ఉన్నాను. టీవీ చూస్తూ చేయించుకున్న రోజులు దండగ. మనసు అక్కడే పెట్టాలి.

తర్వాత కర్ర సాధన. తల వెనక, వీపు, తోక ఎముక, మూడు చోట్లా కర్ర ఆనించుకుని తుంటి దగ్గర వంగాలి. నడుము కదలడం లేదనే అనుకున్నాను. మా ఆవిడ చూస్తే తోక ఎముక దగ్గర కర్ర లేచిపోయి, ఆ సందులో నాలుగు వేళ్లు పట్టాయి!

నొప్పి పూర్తిగా పోలేదు. పదికి ఏడు ఉండేది, ఇప్పుడు మూడు. రోజూ నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి అంతా దీని గొప్పే అనలేను. ఇంకో మనిషి సాయం లేకుండా చేసుకోలేం, అదే పెద్ద ఇబ్బంది. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం అదుపు తప్పినా ఇవేవీ చేస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు మొనల కొలత మూడుసార్లు తీసి సగటు రాసుకుంటాం. ఇప్పుడు 51 మిల్లీమీటర్లు. మధ్యలో సంక్రాంతికి ఊరెళ్లి మూడు వారాలు మానేస్తే 57కి పెరిగింది. వచ్చిన రాత్రే మళ్లీ చుక్కలు పెట్టించుకున్నాను.